పేలని బాయిలరు

ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు జీతం కాగితం మీద ఉండేది, అంతే. మిగతా లోకానికంతా ఆయన గుబులయ్య. ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు గాని, పెట్టినవాడి నోట్లో చక్కెర పోయాలి, అంత బాగా అతికింది. మేడ మీద వాటా అద్దెకు తీసుకునేటప్పుడు ముందు కింది స్తంభాలు తట్టి చూశాడు. గ్యాసు కట్టేసి, పక్క గదిలోకి వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చి చూసుకునేవాడు. "మా ఆయన తన నీడను కూడా నమ్మరు. అది వెనకాలే ఎందుకొస్తోందని తిరిగి చూసుకుంటారు" అని ఇల్లాలు ఇరుగుపొరుగు దగ్గర నవ్వేది. నవ్వుతూనే ఆమె కూడా పొయ్యి నాబు ఒకసారి తిప్పి చూసుకునేది. ఏళ్ల తరబడి కాపురం చేశాక ఒకరి జబ్బు ఇంకొకరికి అంటకుండా ఉండదు.

ఇలాంటి మనిషి ఏ గుమాస్తాగానో నీడపట్టున ఉండాల్సింది. ఆయన బాయిలర్లు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరయ్యాడు.

బాయిలరంటే పెద్ద ఇనుప పీపా. లోపల నీళ్లు, నడుమ మంట. నీరు ఆవిరవుతుంది. బయటికి దారి లేక ఆ ఆవిరి బలం పుంజుకుంటుంది. ఆ బలాన్ని గొట్టాల్లోకి మళ్లించి మిల్లులు నడుపుకుంటారు. ఇనుము గట్టిగా ఉన్నన్నాళ్లూ అది ఆవు, పలచబడితే పులి. ఉద్యోగానికి మాట్లాడటానికి పిలిచిన రోజు పాత ఇన్‌స్పెక్టరొకాయన, "బాయిలరు పక్కన నిలబడితే నీకేమనిపిస్తుంది?" అని అడిగాడు. మిగతా అభ్యర్థులంతా ఆవిరి సూత్రాలు అప్పజెప్పారు. ఈయన, "పారిపోవాలనిపిస్తుందండి" అన్నాడు. పాతాయన పక్కవాళ్ల వైపు తిరిగి, "వీణ్ణి తీసుకోండి. ధైర్యవంతులు నా దగ్గర చాలామంది పనిచేశారు. ఇద్దర్ని శ్మశానానికి మోసి కూడా వచ్చాను" అన్నాడు.

అలా భయమే ఆయనకు అన్నం పెట్టింది. ఏడాదికోసారి ఒక్కో మిల్లులో మంట ఆర్పించి, బాయిలరు చల్లారేదాకా ఆగి, మనిషి పట్టీ పట్టని రంధ్రంలోంచి పాకుతూ లోపలికి దిగేవాడు. ఒక చేతిలో లైటు, ఇంకో చేతిలో చిన్న సుత్తి. రేకు మీద అంగుళం అంగుళం తడుతూ పోయేవాడు. ఆరోగ్యంగా ఉన్న రేకు గంటలా ఖంగుమంటుంది, జబ్బు రేకు గొంతు బొంగురుపోతుంది. ఆ చీకట్లో చెమటతో, మోకాళ్లు గీసుకుపోతూ, ఎవరైనా మర్చిపోయి మూత వేసేస్తారేమోనని గుండె దడదడలాడుతుండగా ఆయన ఇన్నేళ్లు పనిచేశాడు. ధైర్యం మాత్రం రాలేదు.

ఇంతలో రోజులు మారాయి.

రాష్ట్రాలకు పరీక్షలు పెట్టడం మొదలైంది. ఎక్కడ ఫ్యాక్టరీ పెట్టడం సులువు, ఎక్కడ అనుమతులు తొందరగా వస్తాయి, ఎక్కడ అధికారుల బెడద తక్కువ అని బేరీజు వేసి ఏటేటా ర్యాంకులు ప్రకటించేవారు. మొదటి ఏడు ఈ రాష్ట్రం అట్టడుగున తేలింది, పక్క రాష్ట్రం పైన ఉంది. పక్కింటి పిల్లాడికి తన కొడుకు కంటే ఎక్కువ మార్కులొస్తే తండ్రి ఎలా ఊగిపోతాడో, రాజధానిలో పెద్దలు అలా ఊగిపోయారు. అప్పట్నుంచి ఏ నిర్ణయమైనా పక్కవాణ్ణి చూసి చేసేదే. వాళ్లు కరెంటు చౌకగా ఇస్తే వీళ్లు నీళ్లు ఊరికే ఇచ్చారు. వాళ్లు నెలలో అనుమతిస్తే వీళ్లు వారంలో ఇచ్చారు. వాళ్లు తనిఖీలు తగ్గిస్తే వీళ్లు తనిఖీ అనే మాటే తీసేశారు. గుబులయ్య ఆఫీసు గుమ్మం మీద 'తనిఖీ విభాగం' అన్న బోర్డు విప్పి 'పరిశ్రమల సహాయ కేంద్రం' అని బిగించారు. ఆయన ఇన్‌స్పెక్టరు పోయి సహాయాధికారి అయ్యాడు.

"పోనీలెండి, ఆ సహాయమేదో కాస్త వంటింట్లో కూడా చెయ్యండి" అంది ఇల్లాలు.

పాత పద్ధతిలో అంతా మడి కట్టుకుని కూర్చున్నారని కాదు. చేయి తడిపితే కళ్లు మూసుకునే ఇన్‌స్పెక్టర్లు ఉండేవారు, తడపకపోతే లేని వంకలు పెట్టేవారూ ఉండేవారు. మిల్లులవాళ్లు విసిగిపోయారంటే విసిగిపోరూ మరి. అందుకే కొత్త నిబంధన వచ్చినప్పుడు జనం కూడా మంచిదే అన్నారు. ఇకమీదట ఎవరి బాయిలరును వాళ్లే, తాము పెట్టుకున్న ఇంజనీరు చేత చూపించుకుని బాగుందని రాసుకోవచ్చు. ప్రభుత్వం వైపు నుంచి ఎక్కడికి వెళ్లాలో కంప్యూటరు చెబుతుంది. అది చెప్పని చోటికి అధికారి తనంతట తాను వెళ్లకూడదు. వెళ్లేముందు కబురు పెట్టాలి. ఎలుక ఇంటికి పిల్లి ముందుగా కబురు పెట్టి వెళ్లినట్టు అని గుబులయ్య మనసులో అనుకున్నాడు. పైకి అనడానికి భయం.

ఆ ఊపులోనే ప్రాంతీయ ప్రణాళిక కూడా తిరగరాశారు. పాత పటంలో మిల్లులకూ ఇళ్లకూ మధ్య వెడల్పాటి ఖాళీ జాగా ఉండేది, అందులో చెట్లు తప్ప ఇంకేమీ వేయకూడదు. పక్క రాష్ట్రం ఆ జాగాను సగానికి తగ్గించి మిగిలింది కంపెనీలకు ఇచ్చిందని తెలియగానే, వీళ్లు పావు వంతుకు తగ్గించారు. అలా మిగిలిన నేలలో, ఊరి చివరి అద్దకం మిల్లు వెనక గోడకు ఆనుకుని, కార్మికుల కాలనీ లేచింది. అందులో ఒక ఇల్లు గుబులయ్య చెల్లెలికి వచ్చింది.

చెల్లెలి మొగుడు ఆ మిల్లులోనే బాయిలరు నడిపేవాడు. నెమ్మదస్తుడు, నోట్లో నాలుక లేనివాడు. చెల్లెలు మాత్రం గడుసుది. పెళ్లయినప్పట్నుంచీ ఒంటి గదిలో, పది కొంపలకు ఒకటే కుళాయి దగ్గర పోట్లాడుతూ బతికింది. కొత్తింట్లో సొంత కుళాయి, సొంత వంటిల్లు, గాలి వచ్చే కిటికీ. ఆ కుళాయి తిప్పి అన్నకు చూపిస్తూ, "చూశావా అన్నయ్యా, ఇదంతా నాదే. ఎవరూ క్యూలో లేరు" అని చిన్నపిల్లలా మురిసిపోయింది.

ఒక ఆదివారం గుబులయ్యా ఇల్లాలూ వాళ్లింటికి భోజనానికి వెళ్లారు. విస్తట్లో చెయ్యి పెట్టబోతూ గుబులయ్య ఆగిపోయాడు. వంటింటి అరలో గిన్నెలు ఒకదానికొకటి తగిలి సన్నగా గణగణమంటున్నాయి. వెళ్లి గోడ మీద అరచెయ్యి ఆనించాడు. గోడ వణుకుతోంది.

"ఎప్పట్నుంచి ఇలా?" అన్నాడు.

"గోడ అవతలే కదా బావగారూ బాయిలరు" అన్నాడు బావమరిది. "ఆర్డర్లు బాగా ఉన్నాయి. ఈసారి ఆపలేదు."

"ఏడాది తిరిగింది కదా? లోపల ఎవరూ దిగలేదా?"

"కంపెనీ ఇంజనీరొచ్చి చుట్టూ తిరిగి చూసి సంతకం పెట్టి పోయాడు." అన్నం కలుపుతూ కాసేపాగి, కూర బాగుందని చెప్పినంత మామూలుగా అన్నాడు, "సేఫ్టీ వాల్వు మాటిమాటికీ లేస్తోందని, ఆవిరి వృథా అవుతోందని, మేనేజరు గారు దాన్ని బిగించమన్నారు. ఇప్పుడు లేవడం లేదు."

గుబులయ్యకు చేతిలో ముద్ద నోటిదాకా పోలేదు. లోపల ఆవిరి హద్దు మీరితే తనంతట తాను తెరుచుకుని వదిలేయడమే ఆ వాల్వు పని. అది లేస్తోందంటే లోపల హద్దు మీరుతోందని అర్థం. దాన్ని బిగించడమంటే అరుస్తున్నవాడి నోరు నొక్కడమే.

"ఎవరు బిగించారు?"

"నేనే." బావమరిది తలెత్తలేదు. "నేను కాకపోతే ఇంకొకడు. నేను చెప్పానని ఎక్కడా అనకండి బావగారూ."

చెల్లెలు మజ్జిగ తెస్తూ గుమ్మంలోనే నిలబడింది. "అన్నయ్యా, నువ్వు చిన్నప్పుడు కుక్కరు కూత వేస్తే మంచం కిందికి దూరేవాడివి. నీ భయం నీ దగ్గరే ఉంచుకో, నా కొంపలోకి తేకు. ఇన్నాళ్లకు ఒక ఇల్లు దొరికింది నాకు" అంది. ఆ మాటకు అందరూ నవ్వారు. గుబులయ్య కూడా నవ్వాడు గాని, చెవులు మాత్రం అరలో గిన్నెల దగ్గరే ఉన్నాయి.

మర్నాడు ఆఫీసుకు వెళ్లీ వెళ్లగానే డైరెక్టరు గది తలుపు తట్టాడు. డైరెక్టరు చెడ్డవాడు కాడు. చదువుకున్నవాడు, మర్యాదస్తుడు, కిందివాళ్లను మీరు అనేవాడు. చెప్పిందంతా విన్నాడు. వింటూ వింటూ లేచి తలుపు దగ్గరగా వేశాడు.

"కంప్యూటరు ఆ మిల్లు పేరు ఇచ్చిందా?"

"ఇవ్వలేదండి."

"ఫిర్యాదు ఎవరైనా రాతపూర్వకంగా ఇచ్చారా?"

"లేదండి. రాసిస్తే వాడి ఉద్యోగం పోతుంది."

"మరి నన్నేం చెయ్యమంటారు?" డైరెక్టరు గొంతు తగ్గించాడు. "ఆ కంపెనీ ఇంకో పెద్ద మిల్లు కట్టబోతోంది. మన దగ్గరా, పక్క రాష్ట్రంలోనా అని ఊగుతున్నారు. మంత్రి గారు స్వయంగా రెండుసార్లు వాళ్లతో మాట్లాడారు. పక్కవాళ్లు వాకిట్లో కాచుక్కూర్చున్నారు. ఈ సమయంలో మన మనిషి సుత్తి పట్టుకుని వెళ్లాడంటే, రేపు వాళ్లు అటు పోతే, ఎవరి మెడకు చుట్టుకుంటుంది? నా మెడకు. అక్కడితో ఆగదు, మీ మెడకు కూడా."

"పేలితే ఎవరి మెడకండి?"

డైరెక్టరు బల్ల మీద పెన్ను అటూ ఇటూ దొర్లించసాగాడు. ఆ వేళ్లు వణకడం గుబులయ్య గమనించాడు. తన లాంటివాడే ఇంకొకడు ఆ కుర్చీలో కూర్చున్నాడని అప్పుడు తెలిసింది. డైరెక్టరుకు మంత్రి అంటే భయం. మంత్రికి కంపెనీ అంటే భయం. కంపెనీకి ఎవరంటే భయమో ఇంకా తెలియదు.

"వెళ్లండి. నేను చూస్తాను" అన్నాడు డైరెక్టరు చివరికి. చూడడని ఇద్దరికీ తెలుసు.

గుబులయ్య మెట్లు దిగుతుంటే కాళ్లు తేలికయ్యాయి. చెప్పాల్సింది చెప్పేశాను, ఇక నా బాధ్యత లేదు అనుకున్నాడు. నిజానికి వద్దన్నందుకు లోలోపల సంతోషించాడు కూడా. వెళ్లమంటే వెళ్లాలి కదా, వెళ్తే ఆ వాల్వు బిగించిన బాయిలరు పక్కన నిలబడాలి కదా.

ఆ తేలికతనం సాయంత్రం వరకు కూడా నిలవలేదు. వీధిలో ఎవరో కొట్టు షట్టరు దించితే ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు. టీవీలో వార్తలు మొదలయ్యేటప్పుడు వచ్చే చప్పుడుకు గుండె జారిపోయేది. చెల్లెలికి పొద్దునా సాయంత్రమూ ఫోను చేసి ఏమీ లేదు, ఊరికే అనేవాడు. ఆమె గొంతు వినపడితే ఆ పూట గడిచినట్టు. నాలుగు రోజులు మా ఇంట్లో ఉండిపోకూడదూ అంటే, "నా కుళాయి ఎవరు చూసుకుంటారు?" అని నవ్వేసింది. ఇంకోసారి అంటే ఫోను పెట్టేసింది. ఇల్లాలు ఇదంతా చూస్తోంది. కంచం ముందు కూర్చుని మెతుకు ముట్టని మనిషిని చూసి, "మీరు వెళ్లినా భయపడతారు, వెళ్లకపోయినా భయపడతారు. ఏ భయం తొందరగా తీరుతుందో అది పడండి" అంది.

ఆ వారం చివర్లో బావమరిదే ఫోను చేశాడు. మిల్లులోంచి చేశాడు, వెనక యంత్రాల హోరు. "బావగారూ, ఇందాక గాజు గొట్టంలో నీళ్లు కాసేపు కనపడలేదు. మళ్లీ వచ్చాయి. మీకు చెప్పాలనిపించింది" అని, సమాధానం వినకుండానే పెట్టేశాడు. బాయిలరులో నీళ్లు ఎంతున్నాయో చూపించేది ఆ గాజు గొట్టమే. నీళ్లు తగ్గితే మంట తగిలే రేకు ఎర్రగా కాలి మెత్తబడుతుంది. ఆ తర్వాత జరిగేది గుబులయ్య శిక్షణలో ఉండగా ఫొటోల్లో చూశాడు. గోడ లేని గది, గది లేని వీధి.

ఆయన లేచి చొక్కా వేసుకున్నాడు. బొత్తాలు పడటం లేదు, ఇల్లాలు పెట్టింది. చట్టంలో పాత సెక్షను ఒకటి ఉంది. ప్రాణాపాయం కళ్లెదుట ఉందనుకుంటే అధికారి ఏ బాయిలరునైనా అక్కడికక్కడే ఆపించవచ్చు. కొత్త నిబంధనల హడావిడిలో దాన్ని రద్దు చేయడం ఎవరికీ తట్టలేదు. వాడే మగాడెవడూ ఉండడనుకున్నారేమో.

మిల్లు గేటు దగ్గర కాపలావాడు పాత పరిచయం మీద లోపలికి వదిలాడు. మేనేజరు గదిలో గుబులయ్య నిలబడే ఉత్తర్వు రాశాడు. అక్షరాలు కోడి కెలికినట్టు వచ్చాయి. మేనేజరు అరుస్తాడనుకున్నాడు, బెదిరిస్తాడనుకున్నాడు. ఆయన కాగితం చదివి కుర్చీలో కూలబడ్డాడు.

"సార్, మా హెడ్డాఫీసులో ప్రతి నెలా మా మిల్లునూ, పక్క రాష్ట్రంలో ఉన్న మిల్లునూ పక్కపక్కన పెట్టి చూస్తారు. ఎవరు తక్కువ సరుకు దింపితే వాళ్లకు మూత. ఈ నెల మేమే తక్కువ. ఇప్పుడు ఆపితే రెండు వేల కుటుంబాలు సార్. అందులో నాదీ ఒకటి" అన్నాడు. "కొన్నాళ్లు ఓపిక పట్టండి. ఈ ఆర్డరు పోనివ్వండి. నేనే ఆపిస్తాను, నా బిడ్డ మీద ఒట్టు."

గుబులయ్యకు ఆ మనిషి మీద జాలేసింది. అవునని వెళ్లిపోదామనిపించింది. కంపెనీకి కూడా భయమేనన్న మాట. ఆ భయం ఎక్కడి నుంచో బయల్దేరి, ఒకరి నెత్తిమీంచి ఒకరి నెత్తిమీదికి దిగుతూ దిగుతూ, చివరికి ఆ బాయిలరు రేకు మీదికి వచ్చి ఆగింది. రేకుకు మాత్రం దించుకోవడానికి కింద ఎవరూ లేరు.

"నాకు చాలా భయంగా ఉందండి. ఆపించండి" అన్నాడు.

బాయిలరు గదిలో వేడి మొహాన కొట్టింది. బావమరిది పార పట్టుకుని నిలబడి, ఈయన్ని ఎప్పుడూ చూడనట్టు అటు తిరిగిపోయాడు. గుబులయ్య నిచ్చెనెక్కి వాల్వు చూశాడు. స్ప్రింగు అడుగుదాకా బిగించి ఉంది. లోపలి నుంచి ఒక హోరు, అప్పుడప్పుడు ఎవరో పళ్లు కొరికినట్టు చిన్న కటకట. చిన్న పిల్లాడిలా అక్కడే కూర్చుని ఏడవాలనిపించింది. మంట లాగెయ్యమని చేత్తో సైగ చేశాడు. మనుషులు పొయ్యిలోంచి నిప్పులు బయటికి లాగారు. మీటరు ముల్లు దిగుతూ ఉంటే దాన్నే చూస్తూ నిలబడ్డాడు. ఒక్కొక్క శాలలోనే యంత్రాల చప్పుడు ఆగిపోయి, మిల్లంతా నిశ్శబ్దమైంది. కార్మికులు బయటికొచ్చి ఆయన వంక చూశారు. ఆ చూపుల్లో కృతజ్ఞత లేదు.

డైరెక్టరు ఫోను అప్పుడే వచ్చింది. "ఎవర్నడిగి వెళ్లారు మీరు?"

"ఎవర్నీ అడగలేదండి. అడిగితే వద్దంటారని భయమేసింది."

చల్లారాక లోపలికి దిగింది గుబులయ్య ఒక్కడే కాదు. కంపెనీ ఇంజనీరూ, డైరెక్టరు పంపిన ఇంకో అధికారీ దిగారు. గొట్టాల మీద నీళ్లలోని ఉప్పు గార దట్టంగా పేరుకుని ఉంది. మంట తగిలే రేకులో ఒకచోట, చపాతీ పొంగినట్టు, చిన్న ఉబ్బు. ఇంజనీరు, ఇది ఇంకా ఏడాది నడుస్తుంది అన్నాడు. రెండో అధికారి ఎటూ తేల్చలేదు, నడవచ్చు, నడవకపోవచ్చు అన్నాడు. గుబులయ్య సుత్తితో ఆ ఉబ్బు మీద తట్టాడు. గొంతు బొంగురుగానే ఉంది, కానీ తను వినాలనుకున్నదే వింటున్నాడేమోనన్న అనుమానం ఆ క్షణంలోనే పుట్టింది. అది మళ్లీ ఆయన్ని వదల్లేదు.

రేకు మార్చేసరికి ఆర్డరు కాస్తా పక్క రాష్ట్రం మిల్లుకు తరలిపోయింది. గుబులయ్యను నిబంధన మీరినందుకు సస్పెండు చేసి, తర్వాత శిక్షణ కేంద్రంలో పాఠాలు చెప్పమని తోశారు. కొత్త మిల్లు పక్క రాష్ట్రంలోనే కడుతున్నామని కంపెనీ ప్రకటించింది. ఆ ఏడు ర్యాంకు కూడా జారింది. పత్రికల్లో 'అధికారుల వేధింపులు' అని వచ్చింది. ఏడాది తిరగకుండా పాత మిల్లుకు తాళం పడింది.

చెల్లెలు సామాను సర్దుకుంటున్న రోజు గుబులయ్య వెళ్లాడు. ఆమె కుళాయి కింద గిన్నెలు కడుగుతోంది. తిరిగి చూడలేదు.

"అది పేలేదే అంటావా?"

"తెలీదమ్మా."

"తెలీకుండానే ఆపావా?"

"తెలిసేదాకా ఆగితే ఎలాగే?"

"నీ భయం తీరింది. మా అన్నం పోయింది" అంది. కుళాయి కట్టేసి లోపలికి వెళ్లిపోయింది. ఆ తర్వాత చాలాకాలం ఆమె మాట్లాడలేదు. పేలి ఉంటే ఆమె ఉండేది కాదు. పేలలేదు కాబట్టి ఆమె ఉంది, కోపంగా ఉంది. ఈ లెక్క ఇల్లాలికి తప్ప ఇంకెవరికీ చెప్పుకోలేకపోయాడు. ఆమె కూడా, "ఊరుకోండి, పోనీ కోపంగానైనా ఉండనివ్వండి" అంది.

పక్క రాష్ట్రం కొత్త మిల్లుకు చేయి తిరిగిన పనివాళ్లు కావాల్సి వచ్చి, కంపెనీ బావమరిదినే మళ్లీ పిలిచింది. కాపురం అక్కడికి మారింది. అక్కడ మిల్లుకూ కాలనీకీ మధ్య చెట్టు నాటే జాగా కూడా ఉంచలేదని గుబులయ్య విన్నాడు. విని ఏం చేస్తాడు? సరిహద్దు దాటితే ఆయన సంతకానికి చిత్తుకాగితం విలువ కూడా లేదు. అదివరకు భయపడితే చేయడానికి ఏదో ఒకటి ఉండేది. ఇప్పుడు ఉత్త భయమే మిగిలింది. శిక్షణ కేంద్రంలో పాఠం చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయేవాడు. పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకునేవారు.

ఆయన పదవీ విరమణ చేసిన ఏడు, ఒక మధ్యాహ్నం చెల్లెలు ఫోను చేసింది. పలకరింపులేమీ లేవు.

"అన్నయ్యా, మీ బావకు ఏదో అయింది. డ్యూటీ నుంచి వచ్చి గోడకేసి చూస్తూ కూర్చుంటున్నాడు. అడిగితే ఏమీ లేదంటాడు. నాకనిపిస్తోంది, ఆయన భయపడుతున్నాడు. నీకు భయం సంగతి తెలుసు కదా. ఒకసారి రా."

ఆ సాయంత్రం బస్సుకే వెళ్లాడు. మిల్లు గేటులోపలికి ఆయన్ని ఎవరూ రానివ్వరు కనుక, షిఫ్టు దిగిన బావమరిదిని ఎదురుగా ఉన్న టీ కొట్టులో కూర్చోబెట్టాడు.

"ఇక్కడ కూడా బిగించమన్నారా?"

బావమరిది తల ఊపాడు. "ఈసారి నేను బిగించనన్నాను. ఇంకొకడు బిగించాడు. వాడి షిఫ్టు తర్వాత నాది. ఎక్కి చూడాలంటే కాళ్లు రావడం లేదు." గ్లాసు పక్కన పెట్టాడు. "బావగారూ, ఒక మాట. ఆ రోజు మీరొచ్చి ఆపినప్పుడు నేను అటు తిరిగిపోయాను. మీ వైపు చూస్తే అక్కడే మీ కాళ్లు పట్టుకునేవాణ్ణి. అంత భయంతో ఉన్నాను అప్పుడు. మీ చెల్లెలు మిమ్మల్ని తిడుతుంటే ఇన్నేళ్లూ నోరు మూసుకుని విన్నాను."

ఇన్నేళ్లుగా ఇంకొకడు తనతో పాటు భయపడుతూనే ఉన్నాడని తెలిసి, గుబులయ్యకు ఛాతీలో ఏదో కాస్త సడలింది. వెంటనే మళ్లీ బిగిసింది, మిల్లు ఎదురుగానే ఉంది మరి.

ఆ రాష్ట్రం అధికారిని కలిశాడు. ఆయన కూడా మర్యాదస్తుడే. కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాడు. "మీ వైపు మళ్లీ రాయితీలు పెంచారట కదా, కంపెనీ తిరిగి అటు చూస్తోంది" అని మెల్లగా అన్నాడు. ఇంక వేరే అడగక్కర్లేకపోయింది.

చివరికి చేయగలిగింది ఒక్కటే చేశాడు. చెల్లెల్ని కూర్చోబెట్టి అంతా చెప్పాడు, బావమరిది చెప్పిందీ చెప్పాడు. ఆమె మొగుడి వంక చూసింది, అన్న వంక చూసింది. "ఇద్దరూ కలిసి నన్ను ఇన్నేళ్లు పిచ్చిదాన్ని చేశారు" అంది. ఆ మర్నాడే కంపెనీ ఇల్లు ఖాళీ చేసి, మిల్లుకు బాగా ఎడంగా, వంతెన అవతల అద్దె గది చూసుకున్నారు. అక్కడ కుళాయి నలుగురికీ కలిపి ఒకటే. ఆమె బిందె పట్టుకుని వరసలో నిలబడింది.

బావమరిది ఉద్యోగం మానలేదు. ఆ వయసులో ఇంకెవరు తీసుకుంటారు? రోజూ షిఫ్టు దిగి గేటు దాటగానే గుబులయ్యకు ఒక మిస్డ్ కాల్ ఇస్తాడు. మాటలేమీ ఉండవు, ఒక్క రింగు, అంతే. అది వచ్చేదాకా గుబులయ్య టీ తాగడు, పేపరు తిప్పుతాడు గాని చదవడు. ఇల్లాలు కూడా వంటింట్లో మిక్సీ వేయదు, ఆ చప్పుడులో వినపడకుండా పోతుందేమోనని. ఈ మధ్య కాస్త ఆలస్యంగా వస్తోంది. ఓవర్‌టైమయి ఉంటుంది అనుకుంటారు ఇద్దరూ, పైకి మాత్రం ఎవరూ అనరు.